వైప్పారు ఒండ్రు, పొగను తూచే తక్కెడ

నేను ఊళ్లు తిరిగే మనిషిని కాను. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా ఒకటే గది, ఒకటే కిటికీ. నదులే నా దగ్గరికొస్తాయి. గోదావరి సంచిలో వచ్చింది, బ్రహ్మపుత్ర డబ్బాలో వచ్చింది, పేరు కూడా సరిగా పలకలేని వాగులు ఎన్నో కొరియర్లో వచ్చాయి. ఎవరు ఏటి ఒండ్రు పంపినా అందులో ఇనుము ఎంత, రాగి ఎంత, సీసం ఎంత అని చెప్పడం నా పని. పదేళ్ల కిందట మాకు లేజర్ యంత్రం వచ్చాక ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది, కాకపోతే దాని పక్కన ఇంకొకటి వచ్చి కూచుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మొన్న వేసవి మొదట్లో ఒకరోజు ఫోను మోగింది.

“మా ఏట్లో సీసం ఉందని రాసిచ్చింది నువ్వేనామ్మా?”

తెలుగే. కానీ మా నాయనమ్మ కూడా వాడనంత పాత తెలుగు, పైన తమిళ రాగం. ఎవరండీ అన్నాను.

“నా పేరు గురువమ్మ. వైప్పారు గట్టున మా ఊరు. నీ కాయితం వచ్చినకాడ్నించి ఆపీసోళ్లు మమ్మల్ని వండలి ఎత్తనియ్యరు. మా కూరగాయి సంతలో తాకేవాడు లేడు. నువ్వొకపారి వచ్చి ఆ సీసం యాడుందో నా కండ్లకి చూపించు. చూపిస్తే నోరు మూసుకొంటా.”

వైప్పారు తమిళసీమలో ఒక ఏరు. అక్కడ తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు ఒండ్రుని వండలి అంటారు. వేసవిలో ఏరు ఎండినప్పుడు దాన్ని ఎత్తి నల్లరేగడి పొలాల్లో చల్లుకుంటారు, చుట్టుపక్కల ఊళ్లకి ట్రాక్టర్ల మీద తోలతారు, గట్టున మళ్లు కట్టి వంకాయా మిరపా వేస్తారు. ఆ ఊరి ఆడవాళ్ల సంఘం కిందటేడు ఒండ్రు మంచిదని రుజువు కావాలని మాకు నమూనాలు పంపింది. మంచిదని కాయితం వస్తే ఎరువు కింద ఇంకొంచెం ధర పలుకుతుందని వాళ్ల ఆశ. నేను సీసం ఎక్కువుందని రాసి, సంతకం చేసి పంపాను. ఆ తర్వాత ఏమైందో కనుక్కోలేదు.

“వస్తాను. చూపిస్తాను,” అన్నాను గురువమ్మతో. నా గొంతులో ఎంత ధీమా ఉందో నాకే వినపడింది.

విరుదునగర్‌లో నూనె పరోటా

విరుదునగర్ స్టేషను బయట శీనప్ప వ్యాను పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. గురువమ్మకి అక్క కొడుకు, నలభై ఏళ్ల మనిషి. నా చేతిలోని ప్లాస్టిక్ పారలూ, తెల్ల సంచుల కట్టా ఎగాదిగా చూసి నవ్వాడు. బయట నిలబడ్డంతసేపూ తమిళమే మాట్లాడాడు. వ్యాను తలుపు వేసీ వేయగానే తెలుగులోకి దిగాడు.

“బయట కూడా తెలుగు మాట్లాడొచ్చుగా?” అన్నాను.

“మాట్లాడితే ఏ ఊరు మీది అని అడగతారక్కా. మాది ఈ ఊరే గదా, తాతల నాటి నించీ. ఎవురికని చెప్పేది? అందుకే ఇంట్లో ఇది, ఈదిలో అది.”

నాకు ఎక్కడో చురుక్కుమంది. హైదరాబాదులో నా మేనల్లుళ్లు ఇంట్లో కూడా తెలుగు మాట్లాడరు మరి.

ఆ పూట పరోటా తినకుండా ఈ ఊరు దాటకూడదని శీనప్ప పట్టు. ఇక్కడ పరోటాని పెనం మీద కాల్చి ఊరుకోరు, నూనెలో ముంచి కరకరలాడేలా వేయించి తీస్తారు. దాన్ని చేత్తో నలిపి ముక్కలు చేసి, పైన సాల్నా అనే పల్చటి మసాలా పులుసు పోస్తారు. మా పుట్టూరు తెనాలి వైపు ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే ఇక చాలని అర్థం. నేను అలాగే అడ్డం పెట్టాను. వడ్డించే పెద్దాయన నా వేళ్ల సందుల్లోంచి హాయిగా పోసేశాడు. చెయ్యి కాలి అబ్బా అని అరిచాను. “చెయ్యి పెడితే ఇంకా పొయ్యమని అనుకొన్నాడక్కా,” అని శీనప్ప పడీపడీ నవ్వాడు. రెండు పరోటాలూ టీ కలిపి యాభై రూపాయలైంది. చెయ్యి మంట సాయంత్రం దాకా ఉచితం.

ఒప్పుకోవాలి, పరోటా మాత్రం అద్భుతంగా ఉంది. ఇంకోటి తెప్పించుకున్నాను.

వత్రాప్, కొండ కింద

మర్నాడు పడమర వైపు వత్రాప్ వెళ్లాం. పడమటి కనుమల పాదం, ఎటు చూసినా కొబ్బరి తోటలు. వైప్పారులో కలిసే వాగులకి నీళ్లిచ్చే కొండలివి. ఊళ్లూ ఫ్యాక్టరీలూ తగలకముందు ఒండ్రు ఎలా ఉంటుందో తెలిస్తేనే కింద ఊళ్లో ఎంత చెడిందో చెప్పగలను. అందుకని ముందు ఇక్కడ రెండు సంచులు నింపుకోవాలి.

వాగు పక్కన తోట ఒక ముసలాయనది. నేను చెవులవీ గాజులూ ఉంగరం తీసి సంచిలో దాచడం చూసి ఆయన హడలిపోయాడు. ఇక్కడ దొంగలు లేరని తమిళంలో గట్టిగా చెప్పాడు. దొంగల భయం కాదు, నా బంగారంలోని రాగి పిసరు రాలినా నా లెక్క పాడవుతుంది అని శీనప్ప చేత చెప్పించాను. అది విన్నాక ఇంకా అనుమానంగా చూశాడు.

“మన్నును హైదరాబాదు తీసకపోతారా, ఆడ మన్ను లేదా అని అడగతాడక్కా,” అన్నాడు శీనప్ప.

“ఉంది, ఇంత మంచిది లేదని చెప్పు.”

ముసలాయన ముఖం వెలిగింది. రెండు కొబ్బరి బోండాలు కొట్టించి ఇచ్చాడు, డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ఉత్సాహంలో నేను వాగులోకి ఒక అడుగు ఎక్కువ వేశాను. మోకాలి దాకా దిగబడ్డాను. నన్నయితే లాగారు గానీ నా ఎడమ చెప్పు ఇప్పటికీ వత్రాప్ ఒండ్రులోనే ఉంది. సాయంత్రం బజారులో రబ్బరు చెప్పుల జత కొనుక్కుని, మిగతా యాత్రంతా వాటితోనే టపటపలాడుతూ తిరిగాను.

ఏటి గట్టున

మూడో రోజు పొద్దున్నే వెంబకోట్టై మీదుగా గురువమ్మ ఊరికి బయల్దేరాం. దారి పొడుగునా బాణసంచా షెడ్లు, దూరదూరంగా, షెడ్డుకీ షెడ్డుకీ మధ్య ఖాళీ నేల. రంగు కాయితాల గొట్టాలు ఎండలో ఆరబోసున్నాయి. ఇక్కడ పగటి పనే, పొద్దున బస్సు దిగిన ఆడవాళ్లు గుంపుగా లోపలికి పోతున్నారు.

“మా ఇంటిది కూడా ఈడే పని,” అన్నాడు శీనప్ప. “సాయంత్రం వెండి చేతులతో ఇంటికి వస్తాది. ఎంత రుద్దినా ఆ మందుపొడి పోదు.” గేరు మార్చి, “ఏట్లో సీసం మా పట్టాసువల్లేనంటారా అక్కా?” అని అడిగాడు.

“బాణసంచా బూడిద వానకి కొట్టుకొచ్చి ఏట్లో కలుస్తుందేమో. చూడాలి,” అన్నాను. చూడాలి అన్నానే గానీ మనసులో తీర్పు రాసేసుకున్నాను. హైదరాబాదు నుంచి వచ్చిందే అందుకు. శీనప్ప కిటికీ అద్దం దించి షెడ్ల వైపు చూస్తూ బండి తోలాడు.

గురువమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, నిటారుగా, మోచేతుల దాకా ముడతలు, నుదుట అర్ధరూపాయంత కుంకం. నమస్కారం గురువమ్మగారూ అన్నాను. చుట్టూ చూసింది.

“గారు ఎవురు? నన్ను అత్తా అను. కుచ్చో. ముందు తిను. ఆకలితో తూస్తే తప్పు తూస్తావు.”

సద్ద సంగటి, వంకాయ పులుసు, మజ్జిగ. వంకాయలు ఆమె మడివే. నేను ఒక్క క్షణం తటపటాయించాను, ఆ మడిలో సీసం ఉందని రాసిందాన్ని కదా. ఆమె అది కనిపెట్టింది. ఏమీ అనకుండా నా పులుసులోంచే ఒక ముక్క తీసుకుని తన నోట్లో వేసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక గిన్నె ఖాళీ చేసేదాకా తలెత్తలేదు.

తిన్నాక చేతులు తుడుచుకుంటూ అడిగింది. “ఇప్పుడు చెప్పు. మన్నును ఏం జేస్తావు?”

“ఎండబెట్టి, జల్లించి, రాతి కల్వంలో నూరి బిళ్ళ చేస్తాను. ఆ బిళ్ళ మీద లేజర్ కొడతాను. వెలుతురుతో చేసిన సూది అనుకో. అది తగిలిన చోట వెంట్రుకంత గుంట పడి, అక్కడి మట్టి పొగైపోతుంది. ఆ పొగని ఒక వాయువు మోసుకెళ్లి బాగా వేడి మంటలో వేస్తుంది. అక్కడ ఇనుము వేరూ రాగి వేరూ సీసం వేరూ అయిపోతాయి. ఒక్కోదాని బరువు ఒక్కోరకం. ఆ బరువుని బట్టి ఏది ఎంతుందో యంత్రం చెబుతుంది.”

ఆమె కళ్లు చికిలించి విన్నది. “అంటే పొగను తూస్తావా?”

“అవునత్తా, పొగనే.”

“ఏమే, విన్నారా!” అని గోడ పక్కన చేరిన ఆడవాళ్లతో గట్టిగా అంది. “ఈయమ్మకాడ పొగను తూచే తక్కెడ ఉందంట!”

పదేళ్లుగా ఆ యంత్రం గురించి ఎన్ని సభల్లో ఎన్ని బొమ్మలు వేసి చెప్పానో. ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేదు. ఒక పక్క ఈర్ష్య, ఒక పక్క సంబరం. నా యంత్రానికి ఒక పల్లెలో పేరు పెట్టారు మరి.

ఏరు ఎండి ఉంది. ఇసక తిన్నెల మధ్య నల్లటి ఒండ్రు పగుళ్లిచ్చి, అక్కడక్కడా తడిగా. ఇసకలో తవ్విన చెలమలో నీళ్లు తేటగా ఊరుతున్నాయి. నేను వద్దు వద్దంటున్నా వినకుండా గురువమ్మ వంగి దోసిలితో తాగింది. “నీ సీసం ఈడుంటే నేను ఎప్పుడో పోయుండాల,” అంది గడ్డం తుడుచుకుంటూ.

నేను మళ్లీ గాజులూ ఉంగరం తీసేసి చేతులకి తొడుగులు వేసుకున్నాను. ఆమెకి అది అస్సలు నచ్చలేదు.

“శుక్రారం పూట చేతులు బోసిగా పెట్టుకొంటావా?”

“మట్టికి ఏదీ అంటకూడదత్తా.”

“మన్ను ఎట్ల ఎత్తాలని పోయినేడు నువ్వు పంపిన కాయితంలో అదీ రాసుంది. మేమందరం గాజులు తీసే చేసినాం. ఇనప పార వద్దంటివి, కొబ్బరి చిప్పతో ఎత్తితిమి.” అది చెప్తున్నప్పుడు ఆమె గొంతులో గర్వం. నిజంగానే మెచ్చుకున్నాను. నదుల మీద పరిశోధన చేసేవాళ్లే తుప్పు పట్టిన పారతో తవ్వి పంపుతుంటారు.

ఆరు చోట్ల ఆరు సంచులు నింపాం. ఒకటి గురువమ్మ మడి గట్టు కింద. చీటీ మీద ‘గురువమ్మ మడి’ అని రాసి సంచికి అంటించాను. ఆమె చీటీ మీద వేలు పెట్టింది.

“ఇదేం రాత?”

“తెలుగు. నీ పేరు.”

“నా పేరు ఇట్లుంటాదా?” ఆమె ఆ నాలుగు అక్షరాల వెంట వేలు నడిపింది. అరవై ఏళ్లకు పైగా తెలుగు మాట్లాడుతున్న మనిషి, తెలుగులో తన పేరు అప్పుడే మొదటిసారి చూసింది. రేషను కార్డు మీదా, బ్యాంకు పుస్తకం మీదా తమిళంలోనే ఉంటుందట. ఇంకో చీటీ మీద రాసి చేతికిచ్చాను. మడిచి రవికలో పెట్టుకుంది.

నాలుగు సంచులు

బురద కాళ్లు కడుక్కోవడానికి చెలమ దగ్గరికి వెళ్లాను. ఎంతసేపు, పది నిమిషాలు. తిరిగొచ్చేసరికి గురువమ్మ సంచుల ముందు కూచుని ఉంది. కొంగు ముడి విప్పి ఒక కాయితం పొట్లం తీసి, సంచి మూతి తెరిచి, లోపలి ఒండ్రు మీద చిటికెడు కుంకం వేస్తోంది. కళ్లు మూసుకుని ఏదో అనుకుంటోంది. అప్పటికే నాలుగు సంచులకి అయిపోయింది.

“అయ్యో అయ్యో అయ్యో! ఏం పని చేశావమ్మా!”

నా అరుపుకి గట్టు మీద మేకలు కూడా బెదిరాయి. ఆమె చెయ్యి పట్టుకుని లాగేశాను. పెద్దామె అన్న జ్ఞానం కూడా లేకపోయింది. మతి ఉందా, పొద్దున్నించీ చేసిన పని, ఎండలో చచ్చీ చెడీ తీసిన మట్టి అని నోటికొచ్చినట్టు అన్నాను. గురువమ్మకి అర్థమే కాలేదు.

“మన్ను ఊరు దాటేప్పుడు బోసిగా పంపతారా? ఏరు మాకు తల్లి. కోడలు పుట్టింటి మన్ను తెచ్చుకొన్నా బొట్టు పెట్టే తెస్తాది. ట్రాక్టరు మింద వండలి పోయినా కుప్పకి కుంకం ఏసే తోలతాం. నీ చేతులు బోసి. మన్ను కూడా బోసిగా పోవాలనా?”

ఇంకో తిట్టు నోటి దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

“అత్తా, పోయినేడు మాకు పంపిన సంచుల్లో...”

“పెట్టకుండా ఎట్ల పంపతాం? నేనే పెడితి. లోపల, పైన పెడితే దారిలో రాలిపోతాదని.”

నేను ఆ సంచి మూతి మూసి పక్కన పెట్టాను.

కిందటేడు ఈ ఊరి బిళ్ళ మీద నలభై చోట్ల లేజర్ కొట్టాం. ముప్పై ఏడు చోట్ల యంత్రం తెర మీద సీసం గీత అడుగునే పడుకుని ఉంది. మూడు చోట్ల మాత్రం సూదిలా పైకి లేచి, వెంటనే పడిపోయింది. నాతో పనిచేసే లావణ్య అప్పుడే అంది, మేడం, ఇది ఏటి ఒండ్రులా లేదు, ఏదో గింజ తగిలినట్టుంది, ఒకసారి ఊరివాళ్లని అడుగుదామా అని. రిపోర్టు గడువు రేపే, అడిగేదేముంది, నలభైకీ సగటు తీసెయ్ అన్నాను నేను. ఆ సగటే ఈ ఊరి మీద పడింది. ఎరుపు కోసం కుంకంలో సీసం రంగు కలిపే పాపాత్ములు ఉంటారని మా పనిలో ఎవరినడిగినా చెబుతారు. నాకూ తెలుసు. అయినా బాణసంచా షెడ్ల వైపు వేలు చూపించడానికి పరుగెత్తుకుంటూ వచ్చాను.

“అత్తా, ఆ కుంకం ఎక్కడ కొన్నావు?”

“తిరునాళ్లలో. విడిగా అమ్మతారు.” అడిగిన అర్థం మెల్లగా తలకెక్కి ఆమె లేచి నిలబడింది. “కుంకంలో సీసం అంటావా? అమ్మవారికి పెట్టేదాంట్లో విషమా?”

“ఉండొచ్చు. ఆ పొట్లం ఇస్తే చూసి చెప్తాను.”

పొట్లం కొంగున ముడేసుకుంది. “మా ఏటిని అంటివి, ఓర్చుకొంటి. ఇప్పుడు మా కుంకాన్ని కూడా అంటావా?” అని వెనక్కి చూడకుండా గట్టెక్కి వెళ్లిపోయింది.

నేనూ శీనప్పా మళ్లీ ఏట్లోకి దిగి, అవే నాలుగు చోట్ల కొత్తగా తీశాం. కుంకం పడ్డ సంచులు పారెయ్యలేదు, చీటీ రాసి వేరే పెట్టెలో పెట్టాను. ఎండ మాడ్చేస్తోంది. శీనప్ప పార పక్కన పెట్టి అడిగాడు.

“అయితే మా పట్టాసు కాదా అక్కా?”

“తెలీదు శీనప్పా. తెలీకుండానే పొద్దున నీతో తెలిసినట్టు మాట్లాడాను. నా తప్పు.”

“పర్వాలేదక్కా,” అన్నాడు. ఆ పర్వాలేదులో నాకు క్షమాపణ కంటే ఎక్కువ చివాటే వినపడింది.

కోవిల్‌పట్టి

మర్నాడు తిరుగు రైలు కోవిల్‌పట్టిలో. ఈ ఊరి వేరుశనగ మిఠాయికి పెద్ద పేరు. మన పల్లీ పట్టీలాంటిదే, కాకపోతే బెల్లం పాకం పల్చగా పట్టించి, పప్పు పప్పుగానే కనపడేలా చేస్తారు. మావాళ్లు పాకం దట్టంగా పోసి పప్పుని దాచేస్తారు. కొట్టాయన ఒక ముక్క విరిచి చెవి దగ్గర పెట్టుకుని టక్కుమని వినిపించాడు, ఆ శబ్దం రాకపోతే అమ్మనన్నాడు. తన సరుకు మీద ఆయనకున్న అతిశయం నాకు భలే నచ్చింది. అరకిలో నూటపాతిక, రెండు పొట్లాలు కొన్నాను. ఇంకో రోజైతే ఇంకా ఆనందంగా కొనేదాన్ని. గురువమ్మ ముఖం కళ్లముందు నుంచి పోవడం లేదు.

ప్లాట్‌ఫారం మీద పెట్టెలు సర్దుకుంటుంటే ఎవరో భుజం తట్టారు. గురువమ్మ. సాత్తూరు దాకా నడిచో, ఎక్కించుకున్న బండి మీదో వచ్చి, అక్కణ్నించి బస్సులో నిలబడి వచ్చిందట. ముఖం చెమటతో నిండిపోయింది. నుదుట బొట్టు లేదు, దాని స్థానంలో పసుపు చుక్క.

కొంగు ముడి విప్పి కుంకం పొట్లం నా చేతిలో పెట్టింది.

“దీన్ని కూడా కాల్చి తూచు.”

“అత్తా, నిన్న నేను అరిచింది...”

“అది వుండనీ. నిద్రపట్టలేదు నాకు. కుంకంలో లేకపోతే సీసం ఏట్లోనే ఉన్నట్టు గదా? అప్పుడు మా మడి పోయినట్టే, వండలి పోయినట్టే. కుంకంలో ఉంటే నేను చేసిన పాపం ఇంకోటి. రెండిట్లో ఏదైనా సరే, నిజం చెప్పు. నాకోసరం అబద్దం చెప్పద్దు.”

చెప్పను అన్నాను. ఇంత పెద్ద మాట నాతో ఏ డైరెక్టరూ ఎప్పుడూ అనలేదు.

రైలు కూత వేసింది. ఆమె ఇంకో చిన్న డబ్బా తీసింది, ఇంట్లో దంచిన పసుపు. టేపు వేసి మూసేసిన పెట్టె వైపు చూసి నా వైపు చూసింది. “పైన పెట్టొచ్చునా? లోపలికి పోదు గదా?”

“పోదు. పెట్టు అత్తా.”

పెట్టె మూత మీద ఒక చుక్క, నా నుదుట ఒక చుక్క పెట్టింది. మిఠాయి పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టేసరికి రైలు కదిలింది.

పొగ ఏం చెప్పింది

వారం రోజులు ఎండబెట్టడం, జల్లించడం, నూరడం. బిళ్ళలు పెట్టిన రోజు లావణ్యని నా కుర్చీలో కూచోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. ముందు వత్రాప్ బిళ్ళ. సీసం గీత అడుగునే ఉంది. తర్వాత ఏటి గట్టున తీసిన, కుంకం పడని ఆరు బిళ్ళలు ఒక్కోటీ. గీత లేవలేదు. ఆరోది గురువమ్మ మడి. అదీ లేవలేదు. కొండ కింద మట్టికీ ఆ మడి మట్టికీ సీసంలో తేడా పట్టలేనంత తక్కువ. కుంకం పడ్డ నాలుగు సంచుల్లో మళ్లీ అవే సూదులు. ఇక పొట్లంలోని కుంకాన్ని బిళ్ళ చేసి కొడితే గీత తెర పైఅంచు దాటిపోయింది, యంత్రం చెడిపోతుందేమోనని లావణ్య గబగబా ఆపేసింది. ఒక ఏటి మలుపు దగ్గర బాణసంచాలో వాడే బేరియం కాస్త ఎక్కువుంది, అక్కడ పైన బాణసంచా చెత్త కాల్చిన బూడిద కుప్ప ఉంది. అదీ ఉన్నదున్నట్టు రాశాను.

కొత్త కాయితం రాయడానికి మా పెద్దసారు దగ్గర కూచున్నాను. పాతది తప్పని రాయాలి. నమూనా సేకరణలో లోపం అని ఒక ముక్క రాస్తే చాలదా అన్నారాయన. చాలదన్నాను. వాళ్లు మన కాయితంలో రాసినదల్లా చేశారు, గాజులు తీశారు, కొబ్బరి చిప్పతో ఎత్తారు. మట్టికి బొట్టు పెడతారా అని మనమే అడగలేదు. మూడు సూదులు లేచినప్పుడు అడగమన్న మనిషి మాట నేనే వినలేదు. అలాగే రాసి నా పేరు కింద సంతకం పెట్టాను. ముప్పై ఏళ్లలో నేను చేసిన సంతకాల్లో నాకు బాగా నచ్చిన సంతకం అదే.

సాయంత్రం ఫోను చేశాను.

“ఏరు?” అంది గురువమ్మ. పలకరింపు కూడా లేదు.

“ఏట్లో సీసం లేదత్తా, ఒక మలుపు దగ్గర మాత్రం పట్టాసు బూడిద తీయించాలి. మీ మడీ శుభ్రంగా ఉంది. ఆఫీసుకి కాయితం వెళ్లిపోయింది.”

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత మెల్లగా, “కుంకం?”

“కుంకంలోనే ఉంది.”

“నా మనవరాలి నొసట కూడా అదే పెడితి గదా తల్లీ,” అంది. ఆ గొంతు వింటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్తం చూపించమన్నాను, ఏమని అడగాలో శీనప్ప ఫోనుకి తమిళంలో రాయించి పంపాను. రేపు పొద్దున్నే ఇంటింటికీ పోయి ఆ పొట్లాలన్నీ తీపిస్తానంది.

“తప్పు ఎవురిదని రాసినావు?”

“నాదని.”

“నువ్వు కుంకం పెట్టలేదు గదా.”

“నేను అడగలేదు కదా అత్తా.”

“సరి, ఇద్దరిదీ అనుకొందాం,” అంది. అప్పుడు నవ్వింది.

మనవరాలి రక్తం బాగానే ఉందని నెల తర్వాత శీనప్ప చెప్పాడు. దాంతోపాటు ఒక ఫొటో పంపాడు. నల్లటి ఒండ్రు కుప్పగా నింపిన ట్రాక్టరు, ఊరు దాటడానికి సిద్ధంగా ఉంది. కుప్ప మీద ఏ బొట్టూ లేదు. బొట్టు ట్రాక్టరు ముందు రేకు మీద ఉంది, ఇంట్లో దంచిన పసుపు. దాని కింద సున్నంతో, రవికలో దాచిన చీటీ చూసి ఒక్కో గీతే దిద్దినట్టు వంకరటింకరగా, నాలుగు తెలుగు అక్షరాలు: గురువమ్మ. ఆ ఊళ్లో వీధిలోకొచ్చిన మొదటి తెలుగు రాత అదేనట. ఫొటో అచ్చు వేయించి, మా పొగను తూచే తక్కెడ మీద అంటించాను.